ఈవేళ తేదీ రేపు ఏమవుతుంది?

మా మేనకోడలు తొమ్మిదో తరగతి చదువుతున్నది. వాళ్ళ బడిలో లైబ్రరీ అంటే ఒక గది, నాలుగు బీరువాలు, ఒక పాత కంప్యూటరు. ఏ పుస్తకం ఎవరు తీసుకువెళ్ళారో రాసిపెట్టే పని ఈ అమ్మాయికి అప్పగించారు. అంతవరకు ఆ వివరాలన్నీ ఒక పెద్ద రిజిస్టరులో చేతిరాతతో ఉండేవి. "కంప్యూటరు ఉండగా రిజిస్టరెందుకు?" అని ఈవిడ ఉత్సాహపడి స్ప్రెడ్‌షీటులో ఒక పట్టిక తయారుచేసింది. స్ప్రెడ్‌షీటు అంటే తెలుసుగా? కంప్యూటరు తెర మీద పరిచిన గళ్ళ కాగితం. మొదటి గడిలో పుస్తకం పేరు, రెండో గడిలో తీసుకున్నవాళ్ళ పేరు, మూడో గడిలో ఇచ్చిన తేదీ, నాలుగో గడిలో ఇచ్చి ఎన్ని రోజులైందో ఆ లెక్క. పధ్నాలుగు రోజులు దాటితే పుస్తకం తిరిగి ఇమ్మని గుర్తు చెయ్యాలి. ఏర్పాటు బాగానే ఉంది.

ప్రతి పుస్తకానికీ తేదీ కొట్టడం విసుగనిపించింది కాబోలు, ఎవరో చెప్పిన కిటుకు ఒకటి వాడటం మొదలుపెట్టింది. మూడో గడిలో సమానం గుర్తు పెట్టి, దాని వెంట "టుడే" అని ఇంగ్లీషులో రాసి, పక్కనే ఖాళీ బ్రాకెట్లు పెడుతుంది. అంటే =టుడే() అన్నమాట. ఎంటర్ మీట నొక్కగానే గడిలో ఆనాటి తేదీ ప్రత్యక్షం! ఎంత హాయి!

నెల తిరిగింది. బీరువాలు ఖాళీ అవుతున్నాయే గాని పుస్తకాలు వెనక్కి రావటం లేదు. పట్టిక చూస్తే ఒక్కరికీ గడువు దాటలేదు. అందరూ ఆ రోజే పుస్తకాలు తీసుకున్నట్టు చూపిస్తున్నది! మర్నాడు తెరిచి చూస్తే అందరూ మర్నాడు తీసుకున్నారు. నాలుగో గడిలో పై నుంచి కింది దాకా సున్నాలే సున్నాలు.

"మామయ్యా, మా బడి కంప్యూటరు పాడైపోయింది" అంటూ సాయంత్రం మా ఇంటికి వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. లైబ్రరీ చూసే మాస్టారు సోమవారంలోగా గడువు దాటినవాళ్ళ జాబితా ఇమ్మన్నారట. ఆరు డజన్ల పుస్తకాల లెక్క అది.

కంప్యూటరు ఏమీ పాడవలేదు. తనను అడిగిన పనిని అక్షరాలా అడిగినట్టే చేసింది. తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే, గడిలో తేదీ పెట్టినప్పుడు కంప్యూటరు లోపల నిజంగా ఏం దాచుకుంటుందో ముందు చూడాలి.

చొక్కా తొడుక్కున్న అంకె

మీకు కంప్యూటరు అందుబాటులో ఉంటే ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. ఎక్సెల్‌లో ఒక గడిలో 15-8-1947 అని కొట్టండి. తేదీ కనిపిస్తుంది. ఇప్పుడు ఆ గడి రూపాన్ని మార్చే చోటికి వెళ్ళి "జనరల్" అన్నది ఎంచుకోండి. తేదీ మాయమైపోయి 17394 అనే అంకె బయటపడుతుంది. భయపడకండి, మీరేమీ చెడగొట్టలేదు. అసలు మొదటి నుంచీ గడిలో ఉన్నది ఆ అంకే. తేదీ అన్నది దానికి తొడిగిన చొక్కా మాత్రమే. చొక్కా మారిస్తే అదే అంకె "15 ఆగస్టు 1947" లాగానూ కనిపిస్తుంది, "శుక్రవారం" లాగానూ కనిపిస్తుంది.

ఏమిటీ 17394? 1900 జనవరి 1వ తేదీని ఒకటో రోజుగా పెట్టుకుని, రోజులను వరసగా లెక్కపెట్టుకుంటూ వస్తే మన స్వాతంత్ర్య దినం 17,394వ రోజు. నెలలు లేవు, సంవత్సరాలు లేవు. రోజుకొక అంకె, అంతే.

ఇందులో సుఖం ఎంతో చూడండి. స్వాతంత్ర్యం వచ్చిన ఎన్ని రోజులకు మన దేశం గణతంత్రం అయింది? చేత్తో లెక్క కట్టాలంటే ఏ నెలకు ముప్ఫై రోజులు, ఏ నెలకు ముప్ఫై ఒకటి, మధ్యలో లీపు సంవత్సరం వచ్చిందా అని పిడికిలి కణుపులు లెక్కపెట్టుకోవాలి. కంప్యూటరుకు ఆ బాధ లేదు. 1950 జనవరి 26 అంకె 18289. అందులోంచి 17394 తీసేస్తే 895. అయిపోయింది! (నా మాట నమ్మకండి, కణుపులు లెక్కపెట్టి మీరూ చూడండి. మధ్యలో 1948 లీపు సంవత్సరమని మాత్రం మరిచిపోవద్దు.)

వారం కనుక్కోవటం ఇంకా తేలిక. అంకెను 7 చేత భాగించండి. శేషం 1 వస్తే ఆదివారం, 2 వస్తే సోమవారం, అలా వరసగా 6 వస్తే శుక్రవారం, ఏమీ మిగలకపోతే శనివారం. 17394ను 7 చేత భాగిస్తే 6 మిగులుతుంది. 1947 ఆగస్టు 15 శుక్రవారమే.

మరి గంటల మాటేమిటి? రోజంటే ఒకటి కాబట్టి గంటలు అందులో భిన్నాలు. మధ్యాహ్నం పన్నెండు అంటే సగం రోజు, 0.5. సాయంత్రం ఆరు అంటే 0.75. అందుచేత 17394.75 అంటే 1947 ఆగస్టు 15 సాయంత్రం ఆరు గంటలు. తేదీతోపాటు వేళ కూడా కావాలంటే టుడేకు బదులు =నౌ() అని రాస్తారు. అది ఇలా దశాంశ బిందువుతో సహా ఇస్తుంది.

రోజులను ఇలా ఒకే వరసలో లెక్కపెట్టే పద్ధతి కంప్యూటర్లతో పుట్టిందనుకునేరు! మన సిద్ధాంతులు దీన్ని ఎప్పటి నుంచో వాడుతున్నారు. దాని పేరు అహర్గణం. అహస్సు అంటే రోజు, గణం అంటే సమూహం. కలియుగం మొదలైనదని వాళ్ళు పెట్టుకున్న రోజు, అంటే క్రీస్తుపూర్వం 3102 ఫిబ్రవరి 18, అక్కడి నుంచి గడిచిన రోజుల మొత్తమే అహర్గణం. ఒక రోజున సూర్యుడెక్కడ, చంద్రుడెక్కడ, గ్రహాలెక్కడ అని గణించాలంటే ముందు ఆనాటి అహర్గణం తెలియాలి. కలియుగంలో 3600 ఏళ్ళు గడిచేనాటికి తనకు 23 ఏళ్ళని ఆర్యభటుడు చెప్పుకున్నాడు. దాన్ని బట్టే ఆయన 476లో పుట్టాడని మనకు తెలిసింది. ఆయన లెక్కలో కలి మొదలైనది శుక్రవారం. కనుక అహర్గణాన్ని 7 చేత భాగించి, మిగిలిన శేషాన్ని శుక్రవారం నుంచి లెక్కపెట్టుకుంటే వారం వస్తుంది. ఇందాక మనం చేసిన లెక్క కూడా ఇదేగా! యూరపులో 1583లో జోసెఫ్ స్కాలిజర్ అనే పండితుడు క్రీస్తుపూర్వం 4713 జనవరి 1 నుంచి మొదలయ్యే కాలచక్రం ఒకటి ఏర్పరిచాడు. ఖగోళ శాస్త్రజ్ఞులు ఆ రోజు నుంచే రోజులు లెక్కపెడతారు. వాళ్ళ లెక్క ప్రకారం 2000 జనవరి 1 మధ్యాహ్నం అంకె 24,51,545. అదే రోజుకు ఎక్సెల్ వేసుకున్న అంకె 36,526. మొదలు ఎక్కడ పెట్టుకున్నారన్నదే తేడా.

కంప్యూటరు కనిపెట్టిన రోజు

1900 నుంచి లెక్కపెట్టేటప్పుడు ఒక తమాషా జరిగింది. ఎక్సెల్‌లో ఒక గడిలో 60 అని కొట్టి దానికి తేదీ చొక్కా తొడగండి. 29 ఫిబ్రవరి 1900 అని చూపిస్తుంది. అటువంటి రోజు ఈ భూమి మీద ఎన్నడూ తెల్లవారలేదు!

నాలుగు చేత భాగింపబడే సంవత్సరం లీపు సంవత్సరమని మీకు తెలుసు. కాని భూమి సూర్యుని చుట్టూ తిరగటానికి పట్టేది సరిగ్గా 365¼ రోజులు కాదు, ఇంచుమించు 365.2422 రోజులు. నాలుగేళ్ళకొక రోజు కలుపుతూ పోతే మెల్లగా ఎక్కువైపోతుంది. అందుకని 1582లో పోపు పదమూడవ గ్రెగరీ కాలెండరును సవరించినప్పుడు, నూరేసి సంవత్సరాల చివర వచ్చే ఏళ్ళలో 400 చేత భాగింపబడేవే లీపు సంవత్సరాలని నిర్ణయించారు. కాబట్టి 2000 లీపు సంవత్సరం, 1900 కాదు.

ఆ సంగతి ఎక్సెల్ రాసినవాళ్ళకు తెలియదా? తెలుసు. కథ ఏమిటంటే, ఇంటి కంప్యూటర్లకు మొదటి స్ప్రెడ్‌షీటును 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు అమెరికన్ యువకులు తయారుచేశారు. దాని పేరు విజికాల్క్. 1983లో లోటస్ 1-2-3 అనేది వచ్చి మార్కెట్టునంతా ఆక్రమించింది. అందులో 1900ను లీపు సంవత్సరంగా లెక్కకట్టారు. 1985లో మైక్రోసాఫ్టు వాళ్ళు ఎక్సెల్ తెచ్చేనాటికి వ్యాపార సంస్థల లెక్కలు బోలెడు లోటస్ పట్టికల్లో ఉన్నాయి. అవి ఎక్సెల్‌లో తెరిస్తే తేదీలు మారిపోకూడదు. అందుకని తప్పు అని తెలిసే ఆ తప్పును అలాగే దించారు. ఇప్పుడు సరిదిద్దాలంటే లోకంలో ఉన్న పట్టికలన్నిటిలో తేదీలు ఒక రోజు జరిగిపోతాయి. కాబట్టి లేని రోజు ఇప్పటికీ అక్కడే ఉంది.

దీనివల్ల మనకు నష్టమా? 1900 మార్చి 1 తర్వాతి తేదీలకు ఏమీ లేదు. ఆ ముందు రెండు నెలలకే వారాలు తప్పుతాయి. 1900 జనవరి 1 నిజానికి సోమవారం, ఎక్సెల్ ఆదివారం అంటుంది. లిబ్రె ఆఫీస్ వాళ్ళు ఒక ఉపాయం చేశారు. సున్నా రోజును 1899 డిసెంబరు 30కి జరిపారు. లేని రోజును లెక్కలోంచి తీసేసినా, 1900 మార్చి 1 నుంచి రెండింట్లోనూ అంకెలు కలిసిపోతాయి. తెలివైన పని!

పాత మాకింతోష్ కంప్యూటర్లలో ఈ గొడవే లేకుండా 1904 జనవరి 1 నుంచి లెక్క మొదలుపెట్టారు. అక్కడి నుంచి 2099 దాకా నాలుగేళ్ళ సూత్రం ఒక్కటే చాలు. కాని ఆ పట్టికలోని తేదీలను 1900 పద్ధతిలో ఉన్న పట్టికలో అతికిస్తే 1,462 రోజుల తేడా పడుతుంది. అంటే నాలుగేళ్ళ ఒక రోజు. ఎవరి వయస్సయినా ఉన్నట్టుండి నాలుగేళ్ళు మారిపోతే సంగతి ఇదేనని పట్టుకోవచ్చు.

ఇంకొక చిక్కు. ఎక్సెల్‌కు 1900కు ముందు కాలమే లేదు. గురజాడ అప్పారావుగారు పుట్టిన 1862 సెప్టెంబరు 21ని గడిలో కొడితే, అది తేదీ అని దానికి తోచదు. ఏదో మాట రాశారనుకుని ఊరుకుంటుంది. లిబ్రె ఆఫీస్ అయితే వెనక్కి లెక్కపెట్టి రుణ సంఖ్య, –13614, వేసుకుంటుంది. ఆయన మరణించిన 1915 నవంబరు 30 అంకె 5813. 5813 నుంచి –13614 తీసివేయండి. రుణం తీసివేస్తే కలపటమేగా! గురజాడ జీవించినది 19,427 రోజులు.

"ఈవేళ" ఎవరు చెబుతారు?

సరే, తేదీ అంటే అంకె. మరి ఈవేళ ఏ అంకె అన్నది స్ప్రెడ్‌షీటుకు ఎలా తెలుస్తుంది?

దానికి తెలియదు. కంప్యూటరు గడియారాన్ని అడుగుతుంది. కంప్యూటరు లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. మీరు కంప్యూటరు ఆపేసి స్విచ్చి తీసేసినా సరే, ఆ బ్యాటరీ బలంతో చిన్న క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తూనే ఉంటుంది. ఈ అంకె ఎందుకంటే, దాన్ని పదిహేను సార్లు వరసగా సగం చేస్తూ పోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది. సగం చెయ్యటం ఎలక్ట్రానిక్ పరికరాలకు బహు తేలిక. అలా సెకన్లు, సెకన్ల నుంచి రోజులు. బ్యాటరీ అయిపోతే గడియారం నిలిచిపోతుంది. అందుకే పాత కంప్యూటర్లు కొన్ని బ్యాటరీ చచ్చిపోయాక తెరిస్తే, ఈవేళ 1980 జనవరి 1 అని అమాయకంగా చెబుతాయి. ఇంటర్నెట్టు ఉన్న కంప్యూటర్లు దూరాన ఉన్న కచ్చితమైన గడియారాలను అడిగి ఎప్పటికప్పుడు తమ వేళ సరిచేసుకుంటాయి. మన దేశానికి ప్రామాణిక కాలాన్ని నిలబెట్టేది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల.

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. =టుడే() అని రాస్తే గడిలో ఉండేది అంకె కాదు. "గడియారాన్ని అడిగి ఈనాటి అంకె చెప్పు" అనే ఆజ్ఞ. మనకు కనిపించేది ఆ ఆజ్ఞకు వచ్చిన జవాబు. పట్టిక తెరిచినప్పుడల్లా, ఏ గడిలోనైనా ఏదైనా మార్చినప్పుడల్లా, స్ప్రెడ్‌షీటు ఆ ఆజ్ఞను మళ్ళీ పాటిస్తుంది. రేపు తెరిస్తే రేపటి జవాబు. నిన్నటి జవాబు ఎక్కడా దాచదు. దాచమని మనం చెప్పలేదుగా! (పట్టికను తెరిచే ఉంచి, అర్ధరాత్రి దాటినా ఏమీ ముట్టుకోకపోతే మాత్రం పాత తేదీయే కనిపిస్తూ ఉంటుంది. ఏదో ఒక గడి కదిలించగానే ఉలిక్కిపడి మారుతుంది.)

బడి గేటు దగ్గర నల్లబల్ల మీద రోజూ తేదీ రాస్తారు చూడండి. మర్నాడు చెరిపి కొత్త తేదీ వేస్తారు. టుడే సరిగ్గా ఆ నల్లబల్ల. పోస్టాఫీసులో ఉత్తరం మీద వేసే ముద్ర అలా కాదు. పడిన రోజు పడినట్టే ఉండిపోతుంది. మా మేనకోడలు ఉత్తరాల మీద ముద్ర వెయ్యవలసిన చోట ప్రతి ఉత్తరానికీ ఒక నల్లబల్ల కట్టింది!

ముద్ర వేసే మార్గమూ ఉంది. గడి మీదికి వెళ్ళి కంట్రోల్ మీట నొక్కిపట్టి, పైన చుక్క, కింద కామా ఉండే సెమికోలన్ మీట నొక్కాలి. ఎక్సెల్ ఒక్కసారి గడియారాన్ని అడిగి, వచ్చిన అంకెను గడిలో పెట్టేసి, ఆ తర్వాత గడియారం సంగతి మరిచిపోతుంది. కంట్రోల్‌తోపాటు షిఫ్టు కూడా పట్టుకుని అదే మీట నొక్కితే అప్పటి వేళ పడుతుంది. టుడే కొట్టటం కన్నా ఇదే తక్కువ పని. ఆ పిల్లకు ఆ కిటుకు చెప్పినవాళ్ళు ఇదే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

పొరపాటున టుడే వాడేశారనుకోండి. ఆ రోజే గుర్తొస్తే మార్గముంది. ఆ గడులను కాపీ చేసి, వాటి మీదనే "విలువలు మాత్రమే" అతికించమంటే ఆజ్ఞ పోయి అంకె మిగులుతుంది. మర్నాడు చేస్తే మర్నాటి అంకే మిగులుతుంది, జాగ్రత్త.

అలాగని టుడే పనికిరానిది కాదు. లైబ్రరీ పట్టికలోనే దానికి సరైన చోటు ఉంది. నాలుగో గడి! ఎన్ని రోజులైంది అన్న ప్రశ్నకు జవాబు రోజూ మారాలి కదా. అక్కడ =టుడే() నుంచి మూడో గడిలోని తేదీ తీసివెయ్యమని రాయాలి. జులై 2న ఇచ్చిన పుస్తకానికి జులై 20న తెరిచి చూస్తే 18 కనిపిస్తుంది, 21న చూస్తే 19. పరీక్షలకు ఇంకా ఎన్ని రోజులున్నాయి, తమ్ముడి వయస్సెంత, ఇటువంటి వాటికన్నిటికీ నల్లబల్లే కావాలి. వాన కొలిచిన రోజు, విత్తనం మొలకెత్తిన రోజు, డబ్బు ముట్టిన రోజు, వీటికి ముద్ర కావాలి. సైన్సు ప్రాజెక్టుకని నెల రోజులు మొక్క ఎత్తు కొలిచి, చివరికి చూసుకుంటే కొలతలన్నీ ఒకే రోజు తీసినట్టుంటే, ఆ మొక్క మళ్ళీ మొదటి నుంచి పెరిగి చూపించదు.

ఒక విచిత్రం గమనించండి. కంప్యూటరు గడియారమే తప్పు అయిందనుకోండి. నల్లబల్ల గడియారం బాగుచెయ్యగానే తనంతట తనే సరి అవుతుంది. తప్పు ముద్ర మాత్రం మనం వెతికి దిద్దేదాకా అలాగే ఉంటుంది. కనుక ముద్ర వేసేముందు తెర మూలనున్న తేదీ మీద ఒక చూపు వెయ్యటం మంచిది.

చేత్తో తేదీ కొట్టేవాళ్ళకు ఇంకో ప్రమాదముంది. మనం ముందు రోజు, తర్వాత నెల రాస్తాం. అమెరికాలో ముందు నెల. కంప్యూటరును అమెరికా పద్ధతిలో అమర్చి ఉంటే, మీరు ఆగస్టు అయిదు అనుకుని 5/8 కొడితే అది మే ఎనిమిది అనుకుంటుంది, కిక్కురుమనదు. 13/8 కొడితే పదమూడో నెల లేదు గనుక అది మాట అనుకుంటుంది. పట్టుకోవటానికి ఒక గుర్తు ఉంది. మనం ప్రత్యేకంగా జరపకపోతే, అంకెలు గడిలో కుడివైపుకు ఆనుకుంటాయి, మాటలు ఎడమవైపుకు. తేదీ ఎడమవైపుకు జరిగి కూర్చుంటే అది తేదీ కాదన్నమాట. లెక్కలకు రాదు.

తేదీ కానిదాన్ని తేదీ అనుకోవటం కూడా ఉంది. జీవశాస్త్రజ్ఞులు కొన్ని మానవ జన్యువులకు సెప్ట్1, మార్చ్1 వంటి పొట్టి పేర్లు పెట్టుకున్నారు. వాటిని పట్టికలో రాయగానే ఎక్సెల్ వాటిని సెప్టెంబరు ఒకటి, మార్చి ఒకటి చేసి, లోపల అంకె వేసుకునేది. జన్యువుల జాబితాలను ఎక్సెల్ పట్టికలుగా జతపరిచిన పరిశోధన వ్యాసాలను 2016లో పరీక్షిస్తే, ఇంచుమించు అయిదింట ఒక దానిలో ఇటువంటి తప్పులు దొరికాయి. చివరికి 2020లో జన్యువుల పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ సంఘమే ఆ పేర్లను సెప్టిన్1, మార్చ్ఎఫ్1 అని మార్చింది. ఇంతా చేసి, మారినది ఎక్సెల్ కాదు, జన్యువులు!

పోయిన తేదీల వేట

ఇక మా మేనకోడలి సంగతి. కారణం చెప్పగానే ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మరి పోయిన తేదీలో?"

నిజానికి అవి ఎక్కడా లేవు. "ప్రతి శనివారం ఈ పట్టికను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. అందులో ఉంటాయేమో!" అన్నది. ఆ కాపీలను తెరిస్తే అందులోనూ ఆజ్ఞే ఉంటుంది, ఈవేళ తేదీయే చూపిస్తుంది. ఆ మాట చెప్పి, ఇద్దరం కాసేపు దిగులుగా కూర్చున్నాం.

దారి ఆ పిల్లకే తోచింది. "మామయ్యా, ఫైలు పేరు పక్కన ఒక తేదీ ఉంటుందిగా, అదీ మారిపోతుందా?"

మారదు! ఫైలును చివరిసారి ఎప్పుడు సేవ్ చేశామో కంప్యూటరు రాసిపెట్టుకునే తేదీ అది. అసలైన ముద్ర. తెరిచి చూసి, సేవ్ చెయ్యకుండా మూసేస్తే దానికేమీ కాదు. అయిదు శనివారాల కాపీలు అయిదు ఉన్నాయి. మొదటి శనివారం కాపీలో ఉన్న పుస్తకాలు ఆ వారంలో ఇచ్చినవి. రెండో కాపీలో ఉండి మొదటి దానిలో లేనివి రెండో వారంలో ఇచ్చినవి. అలా రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చుని డెబ్భై పైచిలుకు పుస్తకాలనూ వారాలవారీగా వేరుచేశాం. ఏ రోజన్నది తేలదు, ఏ వారమన్నది తేలింది.

"ఏ తేదీ వెయ్యను? సోమవారమా, శనివారమా?" అన్నది.

"ఆ తప్పు పుస్తకం తీసుకున్నవాళ్ళది కాదుగా. వాళ్ళకు కలిసొచ్చేట్టు శనివారమే వెయ్యి" అన్నాను.

మూడో గడిలో అంకెలు, నాలుగో గడిలో టుడే. పై నుంచి కింది దాకా ఉన్న సున్నాలన్నీ ఒక్కసారి పోయి 5, 12, 19, 26 అని వచ్చాయి. జాబితాలో అందరికంటె పైన ఉన్న పేరు 33 రోజులు. పుస్తకం తెచ్చి ఇవ్వనిది ఎవరా అని చూస్తే మా మేనకోడలే.